విత్తనపు ఋణము

మానవుడు చేయు ప్రతి పనికిని రెండు పరీక్షలు కలవు. పని ఎంత చక్కగా జరిగినది అనునది ఒకటి. దాని ఫలము ఎవరి ముంగిటికి చేరినది అనునది రెండవది. మొదటిది నేర్పునకు, రెండవది ధర్మమునకు సంబంధించినవి. కాయకమును దాసోహముతో జతపరచి చెప్పిన శరణుల భావమును ఇదియే. వ్యవసాయ పరిశోధనను ఈ కొలతతో కొలుచుటకు గోదావరి డెల్టా తగిన క్షేత్రము.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈ సీమకు నీటి కొరత తీరినది. ఆ నీటికి తగిన విత్తనము కావలసియుండెను. 1925లో నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మార్టేరున వరి పరిశోధన కేంద్రము వెలసినది. అచ్చట వసిష్ఠ, మహసూరి రకములను సంకరపరచి రూపొందించిన ఎం.టి.యు. 7029 వంగడము 1982లో స్వర్ణ అను పేర విడుదలయైనది. అది రాష్ట్రపు ఎల్లలు దాటి ఒడిశా, పశ్చిమ బెంగాల్, ఛత్తీస్‌గఢ్ పొలములకును, బంగ్లాదేశ్, నేపాల్ దేశములకును చేరినది.

ఈ కీర్తి ఎవరిది? మహసూరి 1965లో మలేషియాలో విడుదలయైన రకము. దానికి మూలమైన సంకరము జరిగినది కటకమున. స్వర్ణ వరదనీట మునిగి చెడిపోవు లోపమును తీర్చుటకు వాడిన సబ్-1 జన్యువు ఒడిశా రైతుల పాత వంగడము నుండి ఏరిన ఎఫ్.ఆర్. 13ఎ లోనిది. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో రూపొందిన స్వర్ణ సబ్-1 2009లో మన దేశమున విడుదలయైనది. సుమారు రెండు వారముల మునకను అది ఓర్చుకొనగలదు. పల్లపు నేలలలో పేరెరుగని రైతులు తరతరములుగా ఏరి దాచిన గింజయే ప్రయోగశాలకు మూలధనమైనది. కావున పరిశోధనను దాత యనుటకంటె ఋణగ్రస్త యనుట సత్యము.

గింజను మెరుగుపరచి తిరిగి ఇచ్చినచో ఆ ఋణము తీరినట్లేనా? తీరినట్లేయని కొందరందురు. ధర, కౌలు, అప్పు ప్రభుత్వపు వ్యవహారములు. శాస్త్రజ్ఞుని బాధ్యత మడిగట్టుతో ముగియునని వారి వాదము. ఇందు కొంత నిజము లేకపోలేదు. పంటయే లేనిచోట పంచుకొనుటకు ఏమియు నుండదు.

కాని 2011 ఖరీఫు ఈ వాదమునకు గట్టి ప్రశ్న వేసినది. ఆ ఏడు కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించి కాలువల క్రింది భూములను బీడు పెట్టిరి. సాధారణ రకము ధాన్యమునకు మద్దతు ధర క్వింటాలునకు 1,080 రూపాయలు. అది పెట్టుబడికి చాలదనియు, కూలీలు దొరకరనియు, మురుగు కాలువలు పూడి చేలు మునుగుచున్నవనియు వారి మొర. మేలైన విత్తనముండియు, పారు కాలువయుండియు అరక కదలలేదు.

కౌలుదారుని స్థితి మరింత కఠినము. ఎకరమునకు ఇన్ని బస్తాలని ముందుగా ఒప్పుకొన్న మక్తా, పంట పోయినంతమాత్రమున పోదు. 2011 చట్టము అతనికి రుణార్హత కార్డు నిచ్చినది. 2019 చట్టము సాగుదారు హక్కు పత్రము నిచ్చినది, కాని అందులకు భూయజమాని సంతకము కోరినది. సంతకము దొరకనివానికి బ్యాంకు దూరము, వడ్డీవ్యాపారి దగ్గర.

శాస్త్రజ్ఞుడు ధర నిర్ణయింపలేడు, మక్తా తగ్గింపలేడు. కాని తాను వేసికొను ప్రశ్నను ఎన్నుకొనగలడు. ఎకరమునకు బస్తాలెన్ని పెరుగును అనునది ఒక ప్రశ్న. చెడ్డ ఏడు ఎవడు నిలువగలడు అనునది మరియొకటి. వరద రాని ఏట స్వర్ణ సబ్-1 స్వర్ణకంటె అధికముగా పండదు. వరద వచ్చిన ఏట రైతును నిలుపును. సొంత భూమియు, చేతిలో సొమ్మును కలవానికి ఒక పంట పోయిన నష్టమే. అప్పుతో సాగుచేయువానికి అదియే వలస. అట్టివానిని ఎదుట నిలుపుకొని ప్రారంభించిన పరిశోధనయే ఋణము తీర్చు మార్గమున నడచినది.

2001 నాటి చట్టము రైతుకు విత్తనము దాచుకొను, మార్చుకొను, పంచుకొను హక్కును నిలిపినది. పొరుగువానికి కుంచెడు విత్తనము పెట్టు ఆచారము మన పల్లెలకు క్రొత్త కాదు. ప్రజాధనముతో నడచు పరిశోధన ఆ ఆచారమునే పెద్దయెత్తున పాటింపవలెను. గింజతోపాటు జ్ఞానమును పంచవలెను. దిగుబడితోపాటు ఖర్చును, అప్పును లెక్కింపవలెను. చేలో నిలిచి సాగుచేయువానిని ప్రశ్న పుట్టునప్పుడే పిలిచి అడుగవలెను. అప్పుడే ఆ పని కాయకమని పిలువదగినదగును.