రెండు వెండి నాణేల మనిషి



శనివారం సాయంత్రాలు మా భోజనాల బల్ల చుట్టూ మా అబ్బాయి, ఫెలోషిప్‌లోని వాడి స్నేహితులు చేరి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతారు. పాచికలు వేస్తారు, రాక్షసులతో పోరాడతారు, నేలమాళిగల్లోంచి నిధులు మోసుకొస్తారు. మీ ఇళ్లలోనూ ఇదే జరుగుతూ ఉండవచ్చు. "అక్కా, అందులో మంత్రాలు ఉంటాయట కదా, ఎలా ఆడనిస్తున్నారు?" అని ఒక సహోదరి అడిగింది. ఆ భయంతోనే నేను వాళ్ల నియమాల పుస్తకం తెరిచాను. కానీ నన్ను ఎక్కువసేపు ఆపింది మంత్రాలు కాదు, ధరల పట్టిక.

అది 2014లో వచ్చిన ఐదవ ఎడిషన్. అందులో ఒక బంగారు నాణేనికి 10 వెండి నాణేలు. ప్రత్యేకంగా ఏ పనీ నేర్వని కూలీకి రోజుకు 2 వెండి నాణేలు ఇవ్వాలి. పేదవాడిగా బతకడానికి రోజుకు అయ్యే ఖర్చు కూడా అదే పుస్తకంలో ఉంది. అదీ 2 వెండి నాణేలే! వచ్చిన కూలి వచ్చినట్టే పోతుంది. అది ఒక్కడి ఖర్చు. మరి భార్యాబిడ్డలు ఉంటే? జ్వరంతో ఒకరోజు పడుకుంటే?

గాయం మాన్పే మందు సీసా ధర 50 బంగారు నాణేలు, అంటే 250 రోజుల కూలి. చనిపోయినవారిని 10 రోజులలోపు లేపే మంత్రం ఒకటుంది. దానికి 500 బంగారు నాణేల విలువైన వజ్రం కావాలి. ఆ కూలీ ఏమీ తినకుండా దాచినా దాదాపు ఏడేళ్లు పడుతుంది. వీరుడు చనిపోతే స్నేహితులు సంచి విప్పుతారు. కూలీ బిడ్డ చనిపోతే ఎవరు విప్పుతారు? నాయీను విధవరాలిని ఎవరూ వజ్రం అడగలేదు. ఆ లోకంలో అడుగుతారు.

"అమ్మా, అది ఆట. ఆ ధరలు వీరుల కోసం రాశారు, కూలీల కోసం కాదు" అన్నాడు మా వాడు. నిజమే. అది ఒక దేశం ఎలా బతుకుతుందో చెప్పే లెక్క కాదు, నిధి తెచ్చినవాడు ఎలా ఖర్చుపెట్టాలో చెప్పే లెక్క. అంటే ధరలన్నీ ఒకే కుర్చీలో కూర్చుని రాసినవి. అక్కడి నుంచి చూస్తే తాడు, లాంతరులాగే కూలీ కూడా పట్టికలో ఒక వరుస.

ఈ సంగతి ఆటను తయారుచేసినవారికీ తెలుసు. డేవ్ ఆర్నెసన్‌తో కలిసి 1974లో ఈ ఆటను తెచ్చిన గ్యారీ గైగాక్స్, 1978 నాటి పుస్తకంలో ధరలు ఎందుకంత ఎక్కువో చెబుతూ, బంగారం కోసం జనం ఎగబడిన రోజుల్లోని అలాస్కా ఊళ్లను తలచుకోమన్నాడు. వీరులు బంగారం తెచ్చి ఊళ్లో గుమ్మరిస్తే ధరలు పెరుగుతాయి. తెచ్చినవాడికి ఇబ్బంది లేదు. గుహకు వెళ్లనివాడు మాత్రం అదే రొట్టెకు ఎక్కువ ఇవ్వాలి.

ఇది చదివి నేను మన గురించి ఆలోచనలో పడ్డాను. రెండు మూడేళ్లకోసారి ఊరికి వెళతాం. ఇల్లు ఊడ్చే ఆమెకు ఇచ్చే జీతాన్ని మనసులోనే డాలర్లలోకి మార్చి "ఎంత చవకో!" అంటాం. మనకు చవకే, ఆమెకు అదే బతుకు. దాచిన డబ్బుతో ఊరి పక్కన పొలం కొంటాం. అది మన కష్టార్జితం. అమ్మానాన్నల మందులకూ తమ్ముడి చదువుకూ వెళ్లేది ఆ డబ్బే. కానీ మనలాంటివాళ్లు పదిమంది కొన్నాక, ఆ పొలాన్ని ఏళ్ల తరబడి కౌలుకు దున్నుతున్నవాడు అందులో ఒక సెంటైనా కొనగలడా?

మనం ఎవరికీ అన్యాయం తలపెట్టలేదు. అయినా అతని దారి మూసుకుపోవచ్చు. చెడు తలపెట్టనివాడికీ బాధ్యత ఉంటుందా? ఉంటుందనే నా నమ్మకం. కొనగలిగే శక్తి మన చేతిలో ఉన్నప్పుడు, ఆ కొనుగోలు అవతలివాడికి ఎంత ఖరీదో తెలుసుకోవలసింది కూడా మనమే. పొలం కొనవద్దని నేను అనను. కొన్న తరువాత ఆ కౌలుదారును ఖాళీ చేయించాలా, కౌలు ఎంత అడగాలి అన్నది మాత్రం ఇంకా మన చేతిలోనే ఉంది.

పిల్లలతో ఒక్క మాట చెప్పాను: "మీ వెంట దివిటీ మోసే కూలీకి ఒక పేరు పెట్టండి. ఇంట్లో ఎంతమందో అడగండి." నవ్వారు. మరుసటి శనివారం అతనికి నిధిలో వాటా ఇవ్వాలా, ఎంత ఇవ్వాలి అని అరగంట వాదించుకున్నారు. "మనం బంగారం పంచితే ఊళ్లో ధరలు ఇంకా పెరుగుతాయి కదా?" అన్నాడు ఒకడు. ఆ వాదన ఇంకా తెగలేదు.

మన ఇళ్లలోనూ ఆ వాదన మొదలవ్వాలని నా కోరిక. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు "ఎంత చవకో" అనే మాట నాలుక మీదికి వస్తే, ఎవరికి చవక అని ముందు మనల్ని మనమే అడుగుదాం.