తాకట్టు పెట్టరాని సాయంకాలము

మూలవాక్యము: ద్వితీయోపదేశకాండము 24:5, 6



రాజంపేట చుట్టుపట్ల పల్లెలలో కువైటు పేరు ఎరుగని పసిబిడ్డ లేడు. అప్పు తీర్చుటకు ఒకరు, ఎండిన బోరు ప్రక్కన మరియొక బోరు వేయించుటకు ఒకరు, కుమార్తె పెండ్లికొరకు ఒకరు ఆ దేశమునకు పోయిరి. పురుషులు కార్లు నడుపుటకు, స్త్రీలు ఇండ్లలో పని చేయుటకు పోవుచున్నారు. కొన్ని ఇండ్లలో భర్త అక్కడ, భార్య ఇక్కడ. మరికొన్నిటిలో భార్య అక్కడ ఒకరి బిడ్డలను పెంచుచుండగా, భర్త ఇక్కడ తన బిడ్డలకు సంగటి కెలుకుచున్నాడు.

అట్లు పోయిన ఒక సహోదరుడు పదునొకండు సంవత్సరములు కారు నడిపి, అప్పు తీర్చి, మిద్దె కట్టించి, తిరిగి వచ్చెను. చుట్టములు వచ్చి పోయిరి. సంఘమువారు కృతజ్ఞతా ప్రార్థన జరిపిరి. నెలదినముల తరువాత నేను ఆ ఇంటికి పోతిని. ఆయన మంచముమీదను, ఆమె గడపవద్దను కూర్చుండియుండిరి. క్షేమ సమాచారములు అడుగగా ఆ సహోదరి యిట్లనెను: "అయ్యగారూ, ఫోన్లో ఉన్నప్పుడే బాగా మాట్లాడుకుంటా ఉంటిమి. డబ్బులు అందినాయా అంటాడు, అందినాయి అంటా. పిల్లోళ్లు బాగుండారా అంటాడు, బాగుండారు అంటా. ఇప్పుడు ఎదురుగా కూచుంటే ఏం మాట్లాడాల్నో తెలీడంలేదు."

ఆయన నవ్వెను గాని ఆ నవ్వులో సంతోషము లేదు.

వారిద్దరిలో ఎవరును తప్పు చేయలేదు. ఆయన త్రాగుబోతు కాడు. ఆమె నమ్మకము తప్పినది కాదు. ఇద్దరును ఇంటికొరకే కష్టపడిరి. ఇల్లు నిలిచెను గాని, ఇంటిలోని ఇద్దరును ఒకరికొకరు క్రొత్తవారైరి. ఇంటికి తిరిగి వచ్చునప్పుడు ఈ ప్రశ్న నన్ను విడువలేదు: భార్యాభర్తలు తమ ఇద్దరికొరకే ఒక సాయంకాలమును ప్రత్యేకించుకొనుట స్వార్థమా, లేక అది దేవుని యెదుట వారు తీర్చవలసిన బాకీయా?

"ఇదంతా పట్టణపు వేడుక, సినిమాలు చూచి నేర్చుకొన్నది" అని కొందరందురు. పిల్లలు, ముసలి తలిదండ్రులు, పశువులు, ప్రార్థన కూటము, వాకిట నిలిచిన అప్పులవాడు ఉండగా మొగుడు పెండ్లాలు తీరికగా కూర్చుండి మాటలాడుకొందురా అని నవ్వుదురు. అయితే మోషే ధర్మశాస్త్రము ఏమి చెప్పుచున్నదో చూడుడి. క్రొత్తగా పెండ్లి చేసికొనినవానిని యుద్ధమునకు పంపకూడదు, వానిమీద ఏ పనిభారమును మోపకూడదు, ఒక సంవత్సరము వాడు ఇంట ఉండి తన భార్యను సంతోషపెట్టవలెను. దేశమంతటికి శత్రుభయమున్న దినములలో దేవుడు ఈ సెలవు ఇచ్చెను. సైన్యమునకు ఒక కత్తి తక్కువైనను ఆయన ఒప్పుకొనెను గాని, ఒక క్రొత్త కాపురమునకు సంతోషము తక్కువగుటకు ఒప్పుకొనలేదు.

దాని ప్రక్కనున్న వచనమును మనము తరచుగా దాటిపోవుదుము. అప్పిచ్చినవాడు తిరుగలినిగాని దాని పైరాతినిగాని తాకట్టు పట్టకూడదని ఆ వచనము చెప్పుచున్నది. ఏలయనగా తిరుగలి పోయినయెడల ఇంటిలో పిండి లేదు, పిండి లేనియెడల ప్రాణము లేదు. భార్య సంతోషమును గూర్చిన ఆజ్ఞయు, ఇంటి తిరుగలిని గూర్చిన ఆజ్ఞయు ఒకదాని వెంట ఒకటి నిలిచియున్నవి. అప్పునకు పొలము తాకట్టు పెట్టుదుము, నగలు తాకట్టు పెట్టుదుము. అయితే ఇల్లు బ్రతుకుటకు ఆధారమైనవి తాకట్టునకు పోరాదు. భార్యాభర్తల సహవాసము అట్టి తిరుగలి. దానిని అప్పులవానికి అప్పగించి, మిగిలిన గోడలకు ఇల్లు అని పేరు పెట్టలేము.

"దేవుని పనికొరకైతే విడువవచ్చును గదా?" అని అడుగువారు కలరు. గొప్ప దైవజనుడైన జాన్ వెస్లీ 1751లో మేరీ వజీల్ అను విధవరాలిని వివాహమాడెను. పెండ్లియైనంత మాత్రమున ఒక ప్రసంగమైనను, ఒక ప్రయాణమైనను తగ్గించుకొనరాదని ఆయన తలంచెను. ఆ కాపురము చెడెను, ఆమె ఆయనను విడిచి పోయెను. 1781లో ఆమె మరణించినప్పుడు, సమాధి చేసిన తరువాతనే ఆయనకు ఆ సంగతి తెలిసెను. వేలమందిని ప్రభువు యొద్దకు నడిపించిన సేవకుడు తన భార్య భూస్థాపనకు లేకపోయెను. తప్పు ఎవరిదని తీర్పు తీర్చుట మన పని కాదు. సేవ ఎంత గొప్పదైనను, ఖాళీగా విడిచిన చోటును అది తనంతట తాను నింపదని మాత్రము నేర్చుకొందము.

ఈ మాటలు వ్రాయుచున్న నేనును ఈ విషయములో తప్పినవాడనే. ఏ దినము ఏ ఇంట ప్రార్థనయో ఒక పుస్తకములో వ్రాసికొనుట నా అలవాటు. ఒక రాత్రి నేను ఆలస్యముగా రాగా, నా భార్య అన్నము వడ్డించుచు, "ఆ పుస్తకములో ఒక దినము మన ఇల్లు కూడ వ్రాసికొనండి" అనెను. కోపముగా అనలేదు. అందుచేతనే ఆ మాట ఎక్కువగా గ్రుచ్చుకొనెను.

భార్యాభర్తలు ఎడబాసి యుండుటను గూర్చి పౌలు కొరింథీయులకు వ్రాయుచు (1 కొరింథీ 7:5) రెండు గట్లు వేసెను. ఇద్దరి సమ్మతి ఉండవలెను, దానికొక కాలపరిమితి ఉండవలెను. ప్రార్థనకొరకైన ఎడబాటుకే ఈ రెండు గట్లు ఉండగా, డబ్బుకొరకైన ఎడబాటుకు ఉండవద్దా? విమానము ఎక్కబోవు వారిని నేను బ్రతిమాలుచున్నాను: ఈ ప్రయాణమునకు మీ ఇద్దరును మనసార సమ్మతించితిరా? తిరిగి వచ్చు సంవత్సరమును ఇద్దరును కలిసి నిర్ణయించితిరా? అప్పు తీరిన తరువాత మిద్దె, మిద్దె తరువాత రెండవ అంతస్తు, ఆ తరువాత తోట అని గట్టు జరుగుచు పోయినయెడల, చివరకు ఎవరికొరకు సంపాదించితిమో వారే మనకు క్రొత్తవారగుదురు.

అట్లయితే ఏమి చేయవలెను? వారమునకో, పదునైదు దినములకో ఒక సాయంకాలమును ముందుగా నిర్ణయించుకొనుడి. పిల్లలను అవ్వ దగ్గర పడుకొనబెట్టుడి. దీనికి డబ్బు అక్కరలేదు. వాకిట మంచము వేసికొనుట చాలును, వెన్నెల యున్న మరీ మంచిది. వేసవిలో కోడూరు తోటల బేనీషా పండు ఒకటి కోసికొనుడి. సంత నుండి వచ్చునప్పుడు ఒక మూర మల్లెపూలు తెచ్చుట పాపము కాదు. టీవీ కట్టివేసి, ఫోను లోపలి పెట్టెలో పెట్టుడి.

అయితే పురుషులారా, ఒక మాట. ఆ సాయంకాలము మీ భార్యకు మరియొక చాకిరి కారాదు. దినమంతయు చేనిలో కలుపు తీసి వచ్చినదానిచేత నాటుకోడి పులుసు చేయించుకొని తిని, అది ప్రేమ అనుకొనకుడి. ఆ పూట పొయ్యి మీరు ముట్టించుడి. పొయ్యి దగ్గరకు పోవుటకు సిగ్గుపడువారు యోహాను సువార్త 21వ అధ్యాయము చదువుడి. మరణమును జయించి లేచిన ప్రభువు సముద్రతీరమున నిప్పులమీద చేపలు కాల్చి, అలసియున్న శిష్యులను భోజనమునకు పిలిచెను. మన మగతనము ఆయన మహిమకంటె గొప్పదా? మరియు త్రాగి వచ్చినవానికి ఈ సాయంకాలములో చోటు లేదు. చెయ్యి చేసికొనువాడు మొదట పశ్చాత్తాపపడవలెను. పూలు దాని తరువాతనే.

ఏమి మాటలాడవలెనని అడుగుదురేమో. ఆ ఒక్క పూట అప్పుల లెక్కలు, ఇరువైపుల చుట్టముల తగవులు ప్రక్కన పెట్టుడి. పెండ్లినాటి సంగతులు జ్ఞాపకము చేసికొనుడి. ఎల్కానా తన భార్యయైన హన్నా భోజనము చేయకుండుట చూచి, ఎందుకు ఏడ్చుచున్నావని అడిగెను (1 సమూయేలు 1:8). ఆమె దుఃఖమును తీర్చుట అతని చేతిలో లేదు, అయినను అతడు చూచెను, అడిగెను. మనలో ఎందరము అంతమాత్రమైన చేసితిమి? అడిగిన తరువాత, జవాబు పూర్తియగువరకు ఊరకుండుడి. చివర ఇద్దరును చేతులు పట్టుకొని చిన్న ప్రార్థన చేయుడి.

దూరమున ఉన్నవారికిని ఇది సాధ్యమే. కువైటు గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక నడచును. అక్కడ పది గంటలకు పని ముగియునప్పటికి ఇక్కడ పండ్రెండున్నర యగును, ఇద్దరికిని నిద్ర ముంచుకొని వచ్చును. కాబట్టి సెలవు దొరికిన పూటను ముందుగా చెప్పుకొని, డబ్బు మాట ఎత్తకుండ అరగంట మాటలాడుకొనుడి. "ఈ వారము నీకు దేనివలన సంతోషము కలిగెను?" అని ఒక్కటి అడుగుడి.

రేపు చూచుకొందమని అనకుడి. 1990 ఆగష్టు 2న ఇరాకు సైన్యము కువైటులో చొరబడినప్పుడు, అక్కడి మనవారు లక్షన్నరకు పైగా సర్వము విడిచి విమానములలో తిరిగి వచ్చిరి. వారి క్షేమము తెలియక ఇక్కడి ఇండ్లలో నిద్ర లేదు. 2021 నవంబరు 19 ఉదయమున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి గ్రామములమీద పడెను. ముందటి రాత్రి చెప్పవలసిన మాటను తెల్లవారి చెప్పుదమనుకొన్నవారు వారిలో ఎందరో!

ఒక మాట మరువకూడదు. మన సంఘములో విధవరాండ్రు, ఒంటరివారు, విడువబడినవారు కలరు. మన ఇండ్లలోని సంతోషము వారి కన్నులకు కారము కారాదు. తమలో తాము సంతోషించు దంపతులు తమ బల్లయొద్ద మరియొకరికి చోటియ్యగలరు. ఇంటిలో కరవున్నవాడు పొరుగువానికి ఏమి పెట్టగలడు?

నేను మొదట చెప్పిన ఆ దంపతులు ఇప్పుడు శనివారము సాయంకాలములలో వాకిట కూర్చుండుచున్నారు. మొదటిసారి చాలసేపు ఊరకుండిరట. తరువాత ఆమె, "కువైట్లో నీకు కూడు ఎవురు పెడ్తాండిరి?" అని అడిగెనట. పదునొకండు సంవత్సరములలో ఆమె ఆ ప్రశ్న అడుగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రాత్రి ఆయన చెప్పుచుండగా ఆమె వినుచు కూర్చుండెను.

ప్రార్థన: మమ్మును జతపరచిన తండ్రీ, మా అప్పులు నీకు తెలియును. వాటికొరకు మేము ఒకరినొకరము తాకట్టు పెట్టకుండ కాపాడుము. దూరమున ఉన్నవారిని క్షేమముగా ఇల్లు చేర్చుము. దగ్గర ఉండియు దూరమైనవారిని ఒక మంచముమీద కూర్చుండబెట్టి మాటలాడించుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.