విడిచిపెట్టిన చేప బ్రతుకునా?



చేపను పట్టుట తినుటకో అమ్ముటకో గాని మరి దేనికిని కాదని మన నదీతీరపు పల్లెలలో పుట్టిన పిల్లవానికైనను తెలియును. అయితే పట్టిన చేపను తిరిగి నీటిలో విడిచిపెట్టువారు లోకమందు అనేకులున్నారు. స్కాట్లండు నదులలో ఇటీవలి సంవత్సరములలో గాలమునకు చిక్కిన సాల్మను చేపలలో నూటికి 90కి పైగా మరల నీటిలోనికే పోయినవి. ఇది విని కొందరు నవ్వుదురు. విడుచుటకైతే పట్టనేల అని అడుగుదురు. ఆ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. దానియొద్దకు తరువాత వత్తము. అంతకు ముందు అడుగవలసినది వేరొకటి కలదు. విడిచిపెట్టిన చేప బ్రతుకునా?

సాల్మనును ఎరుగనివారు మన పులసను తలంచుకొనుడి. పులస సముద్రములో పెరిగి, వానకాలమున గోదావరి ఎర్రనీరు పారునప్పుడు గ్రుడ్లు పెట్టుటకై నదిలో ఎదురీదును. అట్లాంటిక్ సాల్మను ప్రయాణము ఇంకను దీర్ఘమైనది. అది చల్లని నదిలో గులకరాళ్ల నడుమ పుట్టి, కొన్ని ఏండ్లు అక్కడనే చిన్నచేపగా బ్రతికి, పిమ్మట సముద్రమునకు దిగి, కొన్ని గ్రీన్లండు తీరమువరకును పోయి మేసి, ఒకటి రెండు శీతకాలములు గడిపి, తాను పుట్టిన నదినే వాసన పట్టి తిరిగి చేరును. నదిలో ప్రవేశించిన తరువాత అది మేత మేయదు. సముద్రములో కూడబెట్టుకొనిన క్రొవ్వుతోనే నెలలకొలది నిలిచి, చలికాలారంభమున గ్రుడ్లు పెట్టును. గనుక గాలమునకు చిక్కి పెనుగులాడినప్పుడు అది వ్యయపరచిన బలమును తిండి తిని మరల సంపాదించుకొనలేదు. ఈ సంగతిని మనస్సులో ఉంచుకొనుడి.

ఈ చేపలు తగ్గిపోవుచున్నవి. 2006 మొదలు 2020 వరకు లోకమంతట అట్లాంటిక్ సాల్మను సంఖ్య నూటికి 23 వంతులు తగ్గెనని ప్రకృతి సంరక్షణపు అంతర్జాతీయ సంఘమువారు 2023లో ప్రకటించిరి. బ్రిటను దీవిలోని సాల్మను నశించు అపాయములో నున్నదని కూడ చెప్పిరి. స్కాట్లండులో 2016 మొదలు నదులను ఏటేట పరీక్షించుచున్నారు. చేపలు చాలని నదులలో పట్టిన ప్రతి సాల్మనును విడిచిపెట్టవలెనని చట్టము.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షిగూటిని గూర్చి ఒక ఆజ్ఞ కలదు. తల్లి గ్రుడ్లమీద కూర్చుండియుండగా తల్లిని పట్టుకొనరాదు, దానిని పోనియ్యవలెను. కడుపునిండ గ్రుడ్లతో ఏరు ఎక్కుచున్న ఆడచేపను విడుచుటలో ఆ ఆజ్ఞయొక్క నీడ నాకు కనబడుచున్నది. అయితే పక్షిని పోనిచ్చుట సులభము. చేయి వెనుకకు తీసికొనిన చాలును, అది ఎగిరిపోవును. చేప అట్లు కాదు. అది అప్పటికే గాయపడి, అలసి, ఊపిరి తీయలేని తావునకు వచ్చియున్నది. దానిని నీటిలో పడవేసి, కనికరించితినని తృప్తితో ఇంటికి పోయినవాని వెనుక, ఆ చేప ఏ మడుగులోనో వెల్లకిల తేలియుండవచ్చును. విడుచు మనస్సు ఉండుట ఒకటి, విడుచుట తెలియుట మరియొకటి.

1992లో కెనడాలో ఫెర్గుసన్, టఫ్ట్స్ అను ఇద్దరు పరిశోధకులు సాల్మను కుటుంబమునకు చెందిన రెయిన్‌బో ట్రౌటు చేపలను బాగుగా అలసిపోవునట్లు తరిమి, కొన్నిటిని నీటిలోనే ఉంచిరి. కొన్నిటిని 30 సెకండ్లు, మరికొన్నిటిని 60 సెకండ్లు గాలిలో ఉంచి తిరిగి నీటిలో వేసిరి. పండ్రెండు గంటలలోపల మొదటివానిలో నూటికి 12, రెండవవానిలో 38, మూడవవానిలో 72 చొప్పున చచ్చెను. ఇది కొలది చేపలతో తొట్టిలో చేసిన పరీక్ష. నదిలోని సాల్మనులు ఇదే లెక్కన చచ్చునని చెప్పరాదు. చల్లని నీటిలో జాగ్రత్తగా విడిచిన సాల్మను చాలభాగము బ్రతుకును. అయినను ఆ అరవై సెకండ్లను తలపోయుడి. పరుగెత్తి పరుగెత్తి వగర్చుచున్న మనుష్యుని తల అప్పుడే నీట ముంచినట్లుండును. గాలి తగులగానే మొప్పల సన్నని పొరలు ఒకదానికొకటి అంటుకొని పనిచేయకుండ పోవును. ఒక నిమిషమనగా మనకు ఏపాటిది? స్నేహితుని పిలిచి, చేపను ఎత్తిపట్టి, ఫోటో తీయించుకొను వ్యవధి.

కాబట్టి తెలిసినవారు ఎట్లు చేయుదురో వివరముగా చెప్పెదను. గాలపు త్రాడు గట్టిదిగా ఉండవలెను. సన్నపు త్రాడుతో పెద్దచేపను అరగంట ఆడించి పట్టితినని గొప్ప చెప్పుకొనువాడు ఆ అరగంటను చేప ప్రాణములోనుండి తీసికొనుచున్నాడు. గాలపు కొనయందలి ఎదురుముల్లును పట్టకారుతో నొక్కివేసిన యెడల కొక్కెము తేలికగా ఊడివచ్చును. చేపను రాళ్లమీదికి ఈడ్వరాదు. ముడులులేని మెత్తని చేతివలలోనికి తీసికొని, వలతోకూడ నీటిలోనే ఉంచవలెను. ముట్టుకొనకముందు చేతులు తడుపుకొనవలెను. చేప ఒంటిమీది జిగురును మనము అసహ్యముగా చూతుము గాని అదియే దాని కవచము. పొడిచేయిగాని గుడ్డగాని దానిని తుడిచివేసినచోట బూజు పట్టి చేప కుళ్లును. తోక పట్టి వ్రేలాడదీసిన యెడల వెన్నెముకకు దెబ్బ తగులును. మొప్పలలో వ్రేళ్లు పెట్టనేకూడదు. కొక్కెము గొంతులోతున దిగియున్న యెడల పెరుకక, త్రాడును దగ్గరగా కోసివేయుట మేలు.

ఇక విడుచుట. ఒక చేతితో తోకమొదలును, రెండవ చేతితో రొమ్ముక్రిందను మెల్లగా పట్టి, తలను ప్రవాహమునకు ఎదురుగా ఉంచవలెను. ముందుకు వెనుకకు ఊపనక్కరలేదు. నీరే నోటిలో ప్రవేశించి మొప్పలగుండ పోవును. అది ఒక నిమిషమో, పది నిమిషములో పట్టవచ్చును. చలినీటిలో మోకాళ్లవరకు దిగి, నడుము వంచి, ఏమియు చేయక కనిపెట్టుకొనియుండవలెను. తోకలో బలము వచ్చినప్పుడు అదే చేతిలోనుండి జారిపోవును.

లూకా సువార్త 5వ అధ్యాయములో ప్రభువు సీమోనుతో మనుష్యులను పట్టుటను గూర్చి చెప్పిన మాటకు మూలమందున్న గ్రీకుపదము సామాన్యముగా చేపలను పట్టుటకు వాడునది కాదు. ప్రాణముతో పట్టుట అని దాని అర్థము. యుద్ధములో చిక్కినవానిని చంపక కాపాడుటకు దానిని వాడుదురు. దీనినుండి చేపలను గూర్చి సిద్ధాంతమేదియు నేను తీయను. ప్రభువే పునరుత్థానమైన పిమ్మట కాల్చిన చేపను భుజించెను. చేపను చంపి తినుట పాపము కాదు. ఆ పదములో రెండు భాగములున్నవని మాత్రమే చెప్పుచున్నాను. పట్టుట యను భాగము అందరికిని సులభమే.

ఆ నదులలో అన్నిటికంటె కష్టమైన విధి గాలము వేయకముందే వచ్చును. వేసవిలో నీరు వేడెక్కిన కొలది దానిలో ప్రాణవాయువు తగ్గును. ఉష్ణము 20 డిగ్రీలకు చేరినప్పుడు ఎంత నేర్పుతో విడిచినను చేపకు అపాయము హెచ్చు గనుక, ఆ దినమున వేట మానవలెనని తెలిసినవారి మాట. రుసుము చెల్లించి, సెలవు పెట్టుకొని, దూరమునుండి వచ్చినవాడు ఉష్ణమాపకమును నీటిలో ముంచి చూచి, గాలపుగెడ విప్పకయే తిరిగి పోవలెను. అక్కడ చూచువారెవరును ఉండరు.

చేప బ్రతుకదని తేటతెల్లమైనప్పుడో? మొప్పలనుండి నెత్తురు కారుచున్నది. ఉంచుకొనుటకు చట్టము సెలవిచ్చు నదియైతే నెత్తిన ఒక్క దెబ్బతో బాధ ముగించుట న్యాయము. అందుకు ఆంగ్లేయులు వాడు చిన్న దుడ్డుకర్రకు ‘ప్రీస్టు’ అని పేరు. అంత్యసంస్కారము చేయును గనుక నట! మా వృత్తికి అది మర్యాదయో కాదో మీరే చెప్పవలెను. విడువవలెనని చట్టమున్న నదిలోనైతే చావబోవు చేపను సహితము నీటిలోనే ఉంచి రావలెను. ఇది వ్యర్థముగా తోచును. అయితే చచ్చునను సాకు ఒకసారి చెల్లినయెడల ప్రతి చేపయు చచ్చునదిగానే కనబడును.

ఇప్పుడు మొదటి ప్రశ్న. స్విట్జర్లండులో 2008నాటి జంతుసంరక్షణ నిబంధనలు, విడిచిపెట్టు ఉద్దేశముతో చేపను పట్టుటనే నిషేధించినవి. తినుటకైతే పట్టుము, ఆటకొరకు ప్రాణిని శ్రమపెట్టకుము అని వారి తాత్పర్యము. ట్రౌటు మూతియందు గాయమును తెలిసికొను నరములు కలవని 2003లో స్కాట్లండులో పరిశోధకులు చూపిరి. అది మనము పడు బాధవంటిదా కాదా అను వాదము ఇంకను ముగియలేదు. నా మట్టుకు నాకు స్విస్సువారి మాటలో బలము కనబడుచున్నది. తినుటకు ఒకటి పట్టి, చాలునని ఇంటికి పోవువాని మనస్సాక్షి తేటగా ఉండును. అయినను గాలము వేయువారిని నేను ఖండింపను. ఏ నదిలో చేపలు తగ్గినవో, ఏ కాలువలో మురికి కలియుచున్నదో మొదట కనిపెట్టి మొరపెట్టువారు తరచుగా వారే. అయితే తన సంతోషముకొరకు ప్రాణిని శ్రమపెట్టినవాడు ఆ శ్రమలో కొంత తానును మోయవలెను. ఫోటో మానుకొనుట, ఒకటి రెండు చేపలతో ఆగుట, వేడిదినమున ఇల్లు చేరుట, వీటిని అతనినుండి అడుగుట న్యాయమే.

గోదావరి ఒడ్డున నివసించు సంఘములవారు అడుగవచ్చును, మన పులసను ఇట్లు విడువరాదా అని. అది సాగదు. పులస బహు సుకుమారమైనది. వలలోనుండి తీయగానే ప్రాణము విడుచును. ఏరు ఎక్కుటకు ధవళేశ్వరపు ఆనకట్ట దానికి అడ్డు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మన సముద్రతీరమున యంత్రపు పడవల వేట నిషిద్ధమే గాని, పులస నదికి ఎక్కునది ఆ తరువాతనే. గనుక దాని విషయములో చేయి తడుపుకొనుట వలన లాభము లేదు. సముద్రమునకు దిగు పులస పిల్లలను సన్నని కన్నుల వలలతో ఊడ్చివేయకుండ చూడవలెను. మీ సంఘములో వేటమీద జీవించు కుటుంబములున్న యెడల, క్రొత్త వల కొనుటకు అంగడికి పోవు దినమునకు ముందే పెద్దలు వారితో కూర్చుండి ఎంత కన్ను కొనవలెనో మాటలాడుడి. ఆ వలకు ఖర్చు హెచ్చైన యెడల అదియు ఆ కూటములోనే ఆలోచించుడి.