పేపర్ వేసిన చేతులు

జిన్నారం, బొల్లారం చుట్టుపక్కల తండాల పిల్లలం కొందరం చీకటితోనే లేచి, ఫ్యాక్టరీ కాలనీల్లో సైకిల్ మీద పేపర్లు వేసి బడికి పోయేవాళ్లం. వేళ తప్పకపోవడం, నెలాఖరు బిల్లు పైసా తేడా లేకుండా అప్పజెప్పడం అక్కడే నేర్చుకున్నాం. పనిలో చిన్నతనమేమీ లేదు.

"అబ్దుల్ కలాం కూడా పేపర్లు వేశారు" అని పెద్దలు మెచ్చుకునేవారు. నిజమే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రామేశ్వరంలో రైలు ఆగకపోతే, కదిలే రైల్లోంచి విసిరిన కట్టలను ఆయన అందుకునేవారు. కానీ ఆయన చదువు ఆగలేదు. మాలో కొందరిది ఆగింది. వారి పేర్లు ఎవరూ చెప్పరు. గెలిచిన ఒక్కరిని చూపి అందరి కష్టమూ మంచిదే అనడం న్యాయమా?

14 ఏళ్లలోపు పిల్లలను ఇలాంటి పనికి పెట్టుకోవడాన్ని 2016 చట్ట సవరణ నిషేధించింది. అయినా మొదటి పీరియడ్‌లో కునికే పిల్లలు ఉన్నారంటే, మందలించే ముందు తెల్లవారుజామున ఎక్కడున్నారో అడుగుదాం.