మైనం కరిగాక మిగిలేది

బస్తర్‌లోని కొండగావ్‌లో ఘడ్వా కళాకారులు ఇత్తడి బొమ్మను పోత పోసే తీరును ఒకసారి గమనిద్దాం. ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తారు. తేనెమైనాన్ని సన్నని తీగలుగా లాగి దానిమీద చుట్టి ఏనుగును మలుస్తారు. పైన మట్టి పూసి, ఆరబెట్టి, నిప్పులో కాలుస్తారు. మైనం కరిగిపోయి, అది ఉన్నచోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక పై మట్టిని పగలగొడితే ఏనుగు బయటపడుతుంది. మన ఆదిలాబాద్ ఓజాల పనీ ఇదే.

మైనం పోయింది, ఇత్తడి ఇంకా రాలేదు. ఆ మధ్యలో ఏనుగు రూపం ఎక్కడ ఉంది?

ప్రతి వస్తువూ పదార్థం, రూపం అనే రెండింటి కలయిక అన్నాడు గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్. కంచు విగ్రహం ఆయన చెప్పిన ఉదాహరణే. రూపాలు వస్తువులకు వేరుగా ఉంటాయన్న గురువు ప్లేటో మాటను ఆయన ఒప్పుకోలేదు. అంతవరకు మనకూ అభ్యంతరం లేదు. కానీ ఆయనే మనుషుల దగ్గరికి వచ్చేసరికి, కొందరు స్వభావరీత్యా బానిసలని రాశాడు.

బౌద్ధం మరో దారి చూపింది. ఇరుసు రథమా, చక్రం రథమా అని నాగసేన భిక్షువు మిలింద రాజును అడిగాడు. ఏ భాగమూ రథం కాదు. భాగాలన్నీ తీసేస్తే రథమూ లేదు. కొండగావ్ ఏనుగూ అంతే. అది ఖాళీలో దాగిన వస్తువు కాదు. లోపలి మట్టి, బయటి మట్టి నిలబడినందువల్లే ఆ ఖాళీకి ఆ ఆకారం. నాగార్జునుడు చెప్పిన శూన్యత అంటే ఏమీ లేకపోవడం కాదు, దేనికదిగా ఏదీ లేకపోవడం.

ఇది కేవలం బొమ్మల సంగతి కాదు. మలచడం అనే అర్థమున్న మాట నుంచి ఘడ్వా అనే పేరు వచ్చిందంటారు. చేతిపని వల్ల వచ్చిన పేరు క్రమంగా పుట్టుకకు అంటుకుంది. బిడ్డ పుట్టకముందే అచ్చు సిద్ధంగా ఉందనడమే కులం. గడ్డికి, పురుగులకు, పక్షులకు పుట్టుకతో జాతి గుర్తులున్నాయి, మనుషుల మధ్య అలాంటివి లేవని వాసెట్ఠ సుత్తంలో బుద్ధుడు బోధించాడు.

కొండగావ్ కొలిమి దగ్గర ఒక అచ్చు ఒక్క బొమ్మకే. మరో బొమ్మ కావాలంటే మళ్లీ మైనం చుట్టాల్సిందే. ఇత్తడికి దక్కిన ఈపాటి మన్నన మనిషికి దక్కవద్దా?