తాతయ్య కొట్టు, ఆవర్జా పుస్తకం



పల్లెలో కిరాణాకొట్టు నడిపిన తాతయ్యను తలచుకోగానే మనవలకు ముందు ఆయన చేతులే గుర్తొస్తాయి. పాత పేపరు చుట్టి, అందులో పావుకిలో కందిపప్పు పోసి, పైనుంచి వేలాడే పురికొస లాగి రెండు చుట్లు చుట్టి తెంపితే పొట్లం తయారు. ఒక్క గింజ కింద పడేది కాదు.

ఆ తరం వ్యాపారులు చూసిన మార్పులు తక్కువేం కావు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అంతవరకు రూపాయికి 16 అణాలు, ఆ రోజు నుంచి 100 పైసలు. అంటే అణాకు ఆరుంపావు పైసలు. పావు పైసాకు నాణెం లేదాయె! ఆ లెక్క తెగేలోపే వీశెలు పోయి కిలోలు వచ్చాయి. వీశె అంటే సుమారు 1.4 కిలోలు. అడిగేవాళ్లు వీశెల్లో అడిగితే, తాతయ్యలు కిలోల్లో తూచి నోటిలెక్కతోనే డబ్బు చెప్పేవారు.

రోజు అమ్మకాలు చిట్టాలో, ఎవరి బాకీ వారికి ఆవర్జాలో. గోడ మీద ‘అప్పు రేపు’ అనే బోర్డు, దాని కిందే అరువు ఖాతా! కోతలయ్యాక తీరుస్తానన్న రైతు కోసం నెలల తరబడి ఆగేవారు. సరుకుకొచ్చిన పిల్లాడికి బెల్లంముక్క కొసరు.

ఇప్పుడా ఆవర్జాలు కొన్ని అటకెక్కాయి, కొన్ని పాతపేపర్లతో తూకానికి పోయాయి. ఊరి ధరలు, పెళ్లి సరుకుల పద్దులు వాటిలోనే ఉన్నాయి.

మీ ఇంట్లో అలాంటి పుస్తకం ఉంటే అమ్మేయకండి. ఫోనుతో పేజీలు ఫొటో తీయండి. నాయనమ్మ పక్కన కూర్చుని, ఏ పేరు ఎవరిదో అడిగి రాసిపెట్టుకోండి.