బేత్లెహేము బావి నీళ్లు

(2 సమూయేలు 23:13–17 చదువుడి)



క్రిస్మసు మన డెల్టాలో కోతల వెంట వచ్చును. సార్వా ధాన్యము కళ్లము చేరిన దినములలోనే పాలకొల్లు చుట్టుపట్ల గ్రామములలో అరిసెల పాకము వాసన తగులును. కుమారుడు సైన్యములోనున్న తల్లి మొదటి వాయి తీసి వేరుగా డబ్బాలో పెట్టును. పాలకొల్లు పల్లెలలోనైనను, తాడేపల్లిగూడెము దగ్గర మాధవరమువంటి సైనికుల గ్రామములోనైనను తల్లి మనస్సు ఒక్కటే. అరిసె అనేక దినములు చెడదు గనుక దూరము పంపుటకు తగిన పిండివంట. యెష్షయియు యుద్ధములోనున్న తన కుమారులకు వేయించిన గోధుమలను, రొట్టెలను దావీదుచేత పంపెను, వారి అధికారికి మాత్రము జున్నుగడ్డలు పంపెను (1 సమూ. 17:17, 18). అధికారికి కొంచెము మేలైన వస్తువు పోవుట నేటి సంగతి కాదు!

ఇట్టి ప్రేమను ఎవరు తప్పుపట్టుదురు? అయితే ధాన్యము కరవైన కాలమందు సైనికుని పండుగ భోజనము ఎవరి విస్తరిలోనుండి తీయవలెను? ఇది అంత సులభమైన ప్రశ్న కాదు.

1942 మార్చిలో రంగూను జపానువారి వశమాయెను. బర్మా బియ్యము రాక నిలిచిపోయెను. ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖపట్టణముల మీద బాంబులు పడెను. లెవీ, రేషను కార్డు, నల్లబజారు అను మాటలు మన పల్లెలకు అలవాటైనవి. 1952 జూనులో రాజాజీ ప్రభుత్వము బియ్యపు కంట్రోలు ఎత్తివేయువరకు ఆ బాధ తీరలేదు. ఆ యుద్ధ దినములలో 'ముందు సైనికులకు' అనునది ఎదురులేని మాట. అది న్యాయమైన మాటయే. అయినను దాని చాటున ఏమి జరుగునో వంగదేశము చూచినది. శత్రువునకు చిక్కరాదని 1942లో అక్కడి తీరప్రాంతపు పడవలను, బియ్యపు నిల్వలను ప్రభుత్వము తొలగించెను. 1943లో సైన్యమునకు, కలకత్తా కర్మాగారములకు ధాన్యము చేరెను గాని పల్లెకూలికి, జాలరికి చేరలేదు. మృతులు సుమారు 30 లక్షలని పలువురు చరిత్రకారుల అంచనా. అక్కడ విడిసిన సిపాయిలలో కొందరు తమ రేషనులోనుండి తీసి ఆకలిగొన్నవారికి పెట్టిరి. ఎవరి పేర ఆ ధాన్యము తీసికొనబడెనో వారే దానిని తిరిగి ఇచ్చిరి.

1965లో పాకిస్తానుతో యుద్ధము జరిగినప్పుడు మన దేశము అమెరికా గోధుమ ఓడలకొరకు ఎదురుచూచుచుండెను. సోమవారము రాత్రి భోజనము మానుడని ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు కోరిరి. గౌరవింపదగిన కోరికే. అయితే రెండు పూటలు తినువాడే ఒక పూట మానగలడు. దినమునకు ఒక్కసారి పొయ్యి వెలిగించు కూలివాని యింట మానుటకు సోమవారపు కూడు ఎక్కడిది?

మన సంఘములలో ఏ నిధియైనను వసూలు చేయునప్పుడు తలకు ఇంత యని కట్టుట కలదు. మోతుబరికిని కూలికిని తలకొక కుంచెమే! చూపునకు సమానము, వాస్తవమునకు ఒకడు గాదెలోనుండియు, మరియొకడు పిల్లల గంజిలోనుండియు ఇచ్చుచున్నాడు. విధవరాలు రెండు కాసులు వేయలేదా యని కొందరందురు. వేసెను, కాని తానే వేసెను, ఎవరును ఆమె తలమీద కట్టలేదు. మన స్త్రీలు వంటకు కొలిచిన బియ్యములోనుండి తీయు పిడికెడు మాకు ఇంతకంటె న్యాయముగా తోచుచున్నది. ఎవరి కుండనుబట్టి వారి పిడికిలి.

ఇక దావీదు సంగతి. అదుల్లాము గుహలోనుండి అతడు తన ఊరి బావి నీళ్లు కోరెను. ముగ్గురు శత్రువుల దండులో చొరబడి చేది తెచ్చిరి. అతడు త్రాగలేదు, అది ప్రాణమునకు తెగించినవారి రక్తమని యెంచి దేవుని యెదుట పారబోసెను. ఆ ముగ్గురికైనను ఇయ్యరాదా, నేలపాలు చేయనేల యని చదువరులు అడుగుదురు. మేమును ఆలోచించితిమి. ఆ నీళ్లు ఎంత రుచిగానున్నను, ఒకసారి త్రాగినవాడు రెండవసారి ముగ్గురిని పంపక మానడు. వేరొకని ప్రాణముతో తన దప్పి తీర్చుకొనుట అలవాటుగా మారును.

ఆ దావీదే తరువాత రాజనగరులోనుండి ఒక సైనికునికి విందు ఆహారము పంపెను (2 సమూ. 11:8). ఆ సైనికుడు ఊరియా. తన తోడివారు బయట దండులో పండుకొనియుండగా తాను ఇంటికి పోయి తిని త్రాగుట ఎట్లని అతడు ఇల్లు చేరలేదు. రాజు అతనిని తన బల్లయొద్ద కూర్చుండబెట్టి తినిపించెను, త్రాగించెను. మరునాడు అతని చావు వ్రాసిన ఉత్తరమును అతని చేతికే ఇచ్చి యుద్ధమునకు పంపెను. ఆ బల్లమీద రుచులకేమియు లోటుండదు. అది సైనికుని మీది ప్రేమచేత కాదు, రాజు తన పాపమును కప్పుకొనుటకు.

బావి నీళ్ల కథ వ్రాయబడిన 23వ అధ్యాయము దావీదు బలాఢ్యుల పేర్లతో ముగియును. అందరికంటె కడపట, 39వ వచనములో, హిత్తీయుడైన ఊరియా పేరున్నది.